పెరిగే పిల్లలకు ఏడో నంబరు

మా హైమ పోయింది మంగళవారం నాడు, సాయంత్రం నాలుగూ పదికి. వయసు ఆరేళ్ళ రెండు నెలలు. నేను హెడ్మాస్టరుగా ఉన్న ప్రాథమిక పాఠశాలలోనే రెండో తరగతి చదివేది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. వంటషెడ్డు పక్కన పేర్చిన కట్టెల్లోంచి వచ్చిన నాగుపాము కుడి పాదం మీద కరిచింది. అప్పుడు బూట్లు ఆమె చేతిలో ఉన్నాయి. అవి ప్రభుత్వం ఇచ్చిన బూట్లు. వేసుకుని నడిస్తే కాలు ముందుకు వచ్చేది, బూటు వెనక ఉండిపోయేది. "ఇవి నన్ను మొయ్యట్లేదు నాన్నా, నేనే వీటిని మోస్తన్నాను" అని అంతకు ముందు వారమే చెప్పింది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఇరవై నిమిషాల్లో మండలంలోని ప్రభుత్వాసుపత్రికి చేర్చాం. డ్యూటీలో ఉన్న డాక్టర్ మెహరున్నీసా ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యలేదు. పాము విషానికి మందు ఫ్రిజ్‌లో ఉంది. ఎక్కించారు. మూడింటికల్లా హైమ కనురెప్పలు వాలిపోయాయి, మాట ముక్కులోంచి రావడం మొదలైంది. "మేస్టారూ, మందు పనిచేసేదాకా ఊపిరి మనమే ఇవ్వాలి. గొంతులో గొట్టం వేస్తాను, భయపడకండి" అని డాక్టరు పెట్టె తెరిచింది. అందులో పన్నెండు గొట్టాలున్నాయి. ఒకటి తీసి చూసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. పన్నెండూ చూసింది. పన్నెండింటి మీదా ఏడు అని ఉంది.

జిల్లా ఆసుపత్రి యాభై రెండు కిలోమీటర్లు. అంబులెన్సులో డాక్టరు మాస్కు అదిమిపట్టి, దానికున్న సంచీని చేత్తో నొక్కి గాలి కొడుతూనే ఉంది. మాస్కు కూడా పెద్దవాళ్ళదే. గాలి బుగ్గల పక్కనుంచి బయటికి పోయేది. ముప్పై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర ఆమె చేతులు ఆగాయి.

తప్పు ఎవరిదని నేను రాయబోవడం లేదు. వరస మాత్రం రాస్తాను.

*

పన్నెండు రోజులు గడిచాక ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమని, ఆ గొట్టం సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఆమె ఓపీ చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది.

పిల్లలకు గొట్టం సైజు చూసే లెక్క ఒకటి ఉంది. వయసును నాలుగుతో భాగించి నాలుగు కలపాలి. ఆరేళ్ళకు ఐదున్నర మిల్లీమీటర్లు వస్తుంది. చివర బుడగ ఉన్న గొట్టమైతే ఇంకో అర తగ్గించాలి. ఇది అంచనా మాత్రమే కాబట్టి అర సైజు పెద్దది, అర సైజు చిన్నది పక్కనే ఉంచుకోవాలి. మరీ చిన్నదైతే పక్కనుంచి గాలి కారిపోతుంది. పెద్దదైతే స్వరపేటిక కింద ఇరుకు చోట ఆగిపోతుంది, బలవంతంగా తోస్తే లోపల చిరిగి వాచిపోతుంది. ఎంత లోతుకు వెయ్యాలన్నదానికీ లెక్క ఉంది. వయసులో సగానికి పన్నెండు కలిపితే ఆరేళ్ళ బిడ్డకు పెదవి దగ్గర పదిహేను సెంటీమీటర్ల గుర్తు ఉండాలి. ఇంకా లోపలికి పోతే గొట్టం కుడి ఊపిరితిత్తిలోకి దిగుతుంది, ఎడమదానికి గాలి అందదు. వేశాక ఛాతీ రెండు పక్కలా లేస్తోందా చూడాలి, రెండు పక్కలా స్టెతస్కోపు పెట్టి వినాలి, వదిలిన ఊపిరి యంత్రం మీద కనబడాలి. ఆ తర్వాతే ప్లాస్టరు.

"నాలుగో తరగతి లెక్క" అన్నాను.

"నాలుగో తరగతి లెక్కే మేస్టారూ" అంది ఆమె.

మరి పెట్టెలో అన్నీ ఏడే ఎందుకున్నాయని అడిగాను. ఆమె స్టోర్‌కీపరు అప్పలసూరిని పిలిచింది. అతను ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"నానేటి సెయ్యను మేస్టారూ? ఇండెంటు కంప్యూటర్లో పెట్టాల. అది ఎన్ని కావాలని అడుగుద్ది గానీ ఏది కావాలని అడగదు. ఏడొక్కటే ఉంది. నానొకపాలి 'ఐదు' అని కొడితే ఐదు ఏడులొచ్చినాయి."

ఫైలులోంచి సర్క్యులర్ తీసి ఇచ్చాడు. ఏకరూపతా విభాగం వారు జారీ చేసినది. వైద్యశాలలలో శ్వాసనాళ గొట్టములు పలు సైజులలో ఉండుట వలన నిల్వలందు గందరగోళము, సిబ్బందియందు సంశయము ఏర్పడుచున్నవని, అర సైజులు నిర్ణయలోపమునకు సూచికలని, కావున ఐదుగురు సభ్యుల కమిటీ సమగ్రముగా పరిశీలించి ఏడవ నంబరును ఏకైక ప్రామాణిక సైజుగా నిర్ణయించినదని అందులో ఉంది. కమిటీ సభ్యుల సగటు వయసు యాభై మూడు. ఏడో నంబరు తమలో ఎక్కువమందికి సరిపోతుందని వారు నిర్ధారించుకున్నారు. పిల్లల సంగతి ఆరో పేరాలో ఉంది. 'పిల్లలు పెరుగువారు కనుక ఒక సైజు పెద్దది సమకూర్చుట దూరదృష్టి అనిపించుకొనును. పాదరక్షల ఏకరూపతా పథకములో ఈ సూత్రము విజయవంతమైనట్లు క్షేత్రస్థాయి ధ్రువపత్రము ద్వారా రుజువైనది. అనుబంధము-1 చూడుడు.'

నేను అనుబంధం చూశాను. కింద పచ్చసిరాతో ఉన్న సంతకం నాది.

*

బూట్ల సంగతి ఇది. కిందటి ఏడు ఇదే విభాగం బడిపిల్లలకు బూట్లు పంపింది. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరికీ ఐదో నంబరు. మా బడికి ముప్పై ఎనిమిది జతలు వచ్చాయి. పిల్లలు వేసుకుని నిలబడితే బూట్లు ముందుకు చూస్తుంటే పాదాలు పక్కకు చూసేవి. వాటితో పాటు ఒక ఫారం వచ్చింది. 'పాదరక్షలు పిల్లలందరికీ సరిపోయినవి' అని అచ్చువేసి కింద సంతకానికి చోటు వదిలారు. సరిపోలేదు అని రాయడానికి గడి లేదు. సంతకం లేని బడుల నుంచి బూట్లు వెనక్కి తెప్పిస్తారని చెప్పారు. అప్పటికి మా పిల్లల్లో సగం మందికి చెప్పులు కూడా లేవు.

నేను పాత దినపత్రికలు తెప్పించి, ఉండలు చుట్టించి, బూట్ల ముందు భాగంలో కూరిపించాను. పెరిగే పిల్లలు కదా, రెండేళ్ళలో సరిపోతాయి అనుకున్నాను. సంతకం పెట్టాను. అందరికంటే ముందు పంపిన హెడ్మాస్టరుగా నాకు అభినందన కూడా వచ్చింది.

ఆసుపత్రిలో అనుబంధం చూసిన సాయంత్రం ఇంటికి వచ్చి ఈ సంగతి నా భార్య కనకంతో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట కిందపెట్టింది.

"మీరెట్టిన సంతకం మీరే తీయించండి. నాకింకేం వద్దు" అంది.

*

జిల్లా కేంద్రంలో ఏకరూపతా విభాగం కార్యాలయంలో కుర్చీలు, బల్లలు, తలుపులు అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. విభాగాధికారి విశ్వంభర్ గారు ఆరడుగుల పైన ఉంటారు. ఆయన మోకాళ్ళు బల్ల అడుగుకు తగులుతున్నాయి, లేచినప్పుడల్లా బల్ల కూడా కాస్త లేచేది. ఆయన దాన్ని పట్టించుకున్నట్టు కనబడలేదు.

ముందుగా నా వ్యక్తిగత నష్టం పట్ల విభాగం తన ప్రగాఢ సానుభూతిని నమోదు చేసిందని చెప్పారు. ఏ రిజిస్టరులో, ఏ పేజీలో ఉందో కూడా చూపించారు. అక్కడ హైమ వయసు 'ప్రామాణికం' అని రాసి ఉంది.

నా ధ్రువపత్రం నిజం కాదని, దాన్ని వెనక్కి తీసుకుంటానని చెప్పాను.

"మాస్టారు గారూ, ధ్రువపత్రం సమర్పించుటకు నిబంధన ఉన్నది. ఉపసంహరించుటకు నిబంధన లేదు. అదీగాక ఆ పత్రం ఇప్పుడు మీది కాదు. దాని ఆధారంగా పదకొండు పథకాలు నడుస్తున్నవి."

ఆ పదకొండింటిలో ఒకటి వృద్ధులకు ఒకే పవరు కళ్ళద్దాలు. వాటి మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని ఆయన గర్వంగా చెప్పారు. ఫిర్యాదు ఫారం చాలా చిన్న అక్షరాల్లో ఉంటుందని నాకు తర్వాత తెలిసింది.

ఆరేళ్ళ బిడ్డకు ఐదున్నర సైజు కావాలని, ఏడు లోపలికి పోదని చెప్పాను. వయసును నాలుగుతో భాగించే లెక్క ఆయన కాగితం మీదే చేసి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"లెక్క బాగున్నది. కానీ రాష్ట్రంలో ఉన్న పిల్లలందరి వయసులూ వేర్వేరుగా ఉన్నవి. ఇది మా పరిధిలో లేని అంశం." తర్వాత గొంతు తగ్గించి ఇంటి మనిషిలా అడిగారు. "మీరే చెప్పండి. పిల్లకు గౌను కుట్టించేటప్పుడు దర్జీతో ఏమంటారు? కాస్త వదులుగా కుట్టు, పెరిగే పిల్ల అంటారా, అనరా?"

"అంటాం సార్."

"విభాగం కూడా అదే అన్నది."

"గౌను సరిపోయేదాకా ఆగొచ్చు సార్. ఊపిరికి ఆగలేం."

ఆయన ఆ మాట రాసుకున్నారు. అది 'సూచనలు' అనే శీర్షిక కింద నమోదవుతుందని, సూచనలను ప్రతి మూడేళ్ళకు ఒకసారి సమీక్షిస్తారని చెప్పి లేచారు. బల్ల కూడా లేచింది.

*

నేను వెళ్ళినందువల్ల ఫలితం లేకపోలేదు. పదిహేను రోజుల్లో మూడు సర్క్యులర్లు వచ్చాయి.

సైజుపై వచ్చు అపోహలకు మూలము లోతునందలి అనిశ్చితియే కనుక ఇకపై గొట్టమును రోగులందరికీ పెదవి వద్ద ఇరవై రెండు సెంటీమీటర్ల గుర్తున బిగించవలెనని మొదటిది. గొట్టం సరైన చోట ఉన్నదని స్టెతస్కోపుతో విని చెప్పుట వ్యక్తిగత అభిప్రాయము కిందకు వచ్చును గనుక, ఆసుపత్రి బోర్డు కనబడునట్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించుటయే నిర్ధారణ అని రెండోది. ఏడవ నంబరు ప్రవేశించని గొంతును 'ప్రమాణేతర గొంతు'గా గుర్తించి, సదరు రోగికి ఆ మేరకు నోటీసు ఇవ్వవలెనని మూడోది.

డాక్టర్ మెహరున్నీసా ఈ మూడూ చదివి సంతకం చేసి ఫైలులో పెట్టింది. ఆదివారం తను చదువుకున్న కాలేజీకి వెళ్ళి, స్నేహితులను అడిగి, మూడున్నర నుంచి ఆరు దాకా అర సైజులతో సహా గొట్టాలు తెచ్చింది. ఒక్కోదాని కవరు మీద ఏ వయసుకో రాసి, స్టీలు టిఫిన్ బాక్సులో సర్ది, ఎమర్జెన్సీ గదిలో చేతికందే చోట పెట్టింది. పైన 'మధ్యాహ్న భోజనం' అని చీటీ అంటించింది.

ఆ బాక్సు పెట్టిన మూడో వారంలో చెరువులో మునిగిన నాలుగేళ్ళ పిల్లాణ్ణి తెచ్చారు. నాలుగును నాలుగుతో భాగించి నాలుగు కలిపితే ఐదు. ఐదో నంబరు వేసి, పద్నాలుగు దగ్గర బిగించి, రెండు పక్కలా విని, జిల్లా ఆసుపత్రికి పంపింది. నాలుగో రోజున ఆ పిల్లాడు మంచం మీద కూర్చుని ఇడ్లీ అడిగాడని అప్పలసూరి నాకు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి కాసేపు ఏడ్చాడు.

అయితే నిబంధన ప్రకారం ఆమె ఫొటో ఎక్కించింది. ఫొటోలో ఐదు అనే అంకె కనబడింది. ప్రమాణేతర పరికరముతో, ప్రమాణేతర లోతున రోగి ప్రాణమును నిలిపినందులకు ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలసిందని నోటీసు వచ్చింది. వెనకే తనిఖీ బృందం వచ్చింది. టిఫిన్ బాక్సును స్వాధీనం చేసుకుని, తెల్లగుడ్డ చుట్టి, లక్క సీలు వేసి, ఆసుపత్రి స్టోర్ గదిలోనే పెట్టి తాళం వేసి, తాళంచెవి పట్టుకుపోయారు. ఆ గదికీ ఎమర్జెన్సీ గదికీ మధ్య ఒక్క గోడ.

*

ఏకరూపతా వారోత్సవాల ముగింపు సభకు మా బడిని ఎంచుకున్నారు. తొలి ధ్రువపత్రం పుట్టిన చోటు అని కారణం చెప్పారు. షామియానా వేశారు. పిల్లలందరూ బూట్లతో రావాలన్నారు. నియమం ప్రకారం గొట్టం ఎలా వెయ్యాలో ఒక బొమ్మ మీద ప్రదర్శించాలని డాక్టరుకు ఉత్తర్వు వచ్చింది. నేను వద్దన్నా వినకుండా కనకం వచ్చి వెనక వరుసలో కూర్చుంది.

శిక్షణ కేంద్రం నుంచి ముందుగా చిన్నబిడ్డ బొమ్మ వచ్చింది. రబ్బరుది, నోరు తెరుచుకుని ఉంది. డాక్టరు తల సరిచేసి, దీపం ఉన్న పరికరంతో నాలుక పక్కకు ఒత్తి, ఏడో నంబరు లోపలికి పంపబోయింది. అది ఆగిపోయింది. తొయ్యమ్మా అన్నారు విశ్వంభర్ గారు. తోస్తే చిరుగుతుంది సార్ అంది ఆమె. బొమ్మకేమైనా లోపమా అని ఆయన అడిగారు.

"లోపం లేదు సార్. ఇది ఆరేళ్ళ బిడ్డ బొమ్మ."

"అయితే బొమ్మ ప్రమాణేతరం. ప్రామాణికమైనది తెప్పించండి."

గంటలో ఇంకో బొమ్మ వచ్చింది. ఎదిగిన ఆడమనిషి బొమ్మ. సభ పిల్లల గురించి కనుక దానికి మా బడి యూనిఫారం తొడగాలన్నారు. చొక్కా పట్టకపోతే వీపు వెనక పొడుగునా కత్తిరించి తొడిగారు. తలకు రెండు రిబ్బన్లు కట్టారు. విభాగం వారు నమూనాగా తెచ్చుకున్న ఐదో నంబరు బూట్ల జత కాళ్ళకు వేశారు. ఆ బూట్లు ఆ బొమ్మకు సరిగ్గా సరిపోయాయి. ఏడాదిగా ఆ బూట్లు ఎవరికైనా సరిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

గొట్టం ఏ ఇబ్బందీ లేకుండా దిగింది. ఇరవై రెండు దగ్గర బిగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో కనకం చేతులు ఒళ్ళో ఉన్నాయి.

తర్వాత నన్ను మాట్లాడమన్నారు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లలను బూట్లు విప్పి లోపల ఉన్న కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టమన్నాను. వాళ్ళు వరసగా వచ్చి పెట్టారు. ముప్పై ఏడు మంది. ఏడాదిగా నలిగి, చెమటకు తడిసి, పాదం ఆకారంలో గట్టిపడిన ఉండలు. విశ్వంభర్ గారి ముందు చిన్న గుట్ట అయింది. ముప్పై ఎనిమిదో జత మా ఇంట్లో ఉంది. అందులోవి కనకం తీసుకొచ్చింది. నడిచి వచ్చి, గుట్ట మీద వెయ్యకుండా, ఆయన చేతిలో పెట్టింది.

"మా పాపవి బాబూ" అంది.

ఆయన ఒక ఉండను విప్పి, సాపు చేసి, తేదీ చూశారు. చాలా కదిలిపోయినట్టు కనబడ్డారు. మైకు అందుకుని, వృథా కాగితాన్ని ఇంత చక్కగా తిరిగి వాడుకున్న పాఠశాలను తాను ఎక్కడా చూడలేదని, వచ్చే ఏడు నుంచి ప్రతి జతతో పాటు ప్రామాణిక సైజు కాగితపు ఉండలు విభాగమే సరఫరా చేస్తుందని ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు.

చివరగా నా ముందు ఫారం పెట్టారు. 'పై ప్రదర్శనయందు గొట్టము బిడ్డకు సరిపోయినది.' కింద సంతకానికి చోటు. అడుగున చిన్న అక్షరాల్లో, సంతకము చేయని పక్షమున అంగీకారముగా పరిగణింపబడును అని ఉంది.

నేను ఫారం తిరగేశాను. వెనక తెల్లగా ఉంది. అక్కడ ఇలా రాశాను. 'ఇది బొమ్మ. బిడ్డ కాదు. కిందటి ఏడు బూట్లు సరిపోయాయని నేను రాసింది అబద్ధం. పిల్లల సైజు గొట్టాలు అర సైజులతో సహా ఆసుపత్రికి వెంటనే పంపాలి.' తేదీ వేశాను. పచ్చసిరాతోనే సంతకం చేశాను.

విశ్వంభర్ గారు రెండు వైపులా చదివారు. తర్వాత ఫారాన్ని జాగ్రత్తగా ఫైలులో పెట్టుకున్నారు.

"స్కాన్ చేసేటప్పుడు ముందు పేజీ మాత్రమే ఎక్కుతుంది మాస్టారు గారూ" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. నాకు తెలియని సంగతి చెప్పినట్టే చెప్పారు.

*

ఇది జరిగి ఐదు నెలలైంది. నేను తొమ్మిది ఉత్తరాలు రాశాను. అన్నిటికీ అందినట్టు రసీదులొచ్చాయి. ప్రదర్శన నియమబద్ధంగా జరిపినందుకు డాక్టరు సంజాయిషీని ఆమోదించారు. పిల్లలు బూట్లు చేతిలో పట్టుకుని బడికి వస్తున్నారు. వంటషెడ్డు పక్కన కట్టెలు నేనే తీయించాను. అది నా చేతిలో ఉన్న పని.

కనకం ప్రతి సోమవారం ఆసుపత్రికి వెళ్తుంది. స్టోర్ గది ముందు నిలబడి, వచ్చాయా అని అడుగుతుంది. అప్పలసూరి లేదమ్మా అంటాడు. ఈ సోమవారం ఆమెతో నేనూ వెళ్ళాను. డాక్టరు పెట్టె తెరిచి చూపించింది. పన్నెండు గొట్టాలున్నాయి. పన్నెండింటి మీదా ఏడు అని ఉంది.

ఐదున్నర ఇంకా రాలేదు.